ర్యామ్ మాడ్యూళ్లలోని మెమరీ చిప్పుల కర్తృనిర్ణయము

విషయప్రవేశము

పాత్రపూర్ ప్రాంతమువారు కంప్యూటరునకు ర్యామ్ కొనవలసివచ్చినపుడు సాధారణముగా బరంపురము బజారునకే పోవుదురు. అచట వారు మూడు విషయములను చూతురు: పొట్లముపై నున్న కంపెనీ పేరు, సామర్థ్యము, ధర. ఈ మూడును చూచి కొన్నవారు తాము ఫలానా కంపెనీవారి మెమరీని కొంటిమని తలంతురు. ఆ తలంపు సగమే నిజము. పొట్లముపై నున్నది మాడ్యూలును కూర్చి అమ్మిన సంస్థ పేరు. దానిపై నల్లని బిళ్లలవలె కూర్చుండియున్న చిప్పులను చేసినది అనేక పర్యాయములు వేరొక సంస్థ.

బరంపురపు పట్టుచీరల నెరిగినవారికి ఈ భేదము క్రొత్తది కాదు. చీర మడతపై దుకాణమువారి ముద్ర యుండును. నేసిన మగ్గ మెవరిదో ఆ ముద్ర చెప్పదు. అది తెలిసికొనగోరువాడు మడత విప్పి అంచును, కొంగును, పోగును పరిశీలింపవలయును. ర్యామ్ విషయమునను అట్లే పై పేరును దాటి లోపలి గుర్తులను చదువవలసియున్నది.

ఇది కేవలము కుతూహలమునకు సంబంధించిన ప్రశ్న కాదు. 2025వ సంవత్సరపు చివరి నెలలలో, కృత్రిమ మేధకై నెలకొల్పిన డేటా కేంద్రముల గిరాకీ వలన, ర్యామ్ ధరలు మిక్కిలిగా పెరిగినవి. ధర పెరిగినపుడు పాత సరకునకు గిరాకి కలుగును. పాత సరకుతోపాటు మారుపేరు సరకునకును అవకాశము కలుగును. గంజాం జిల్లాలో తెలుగు బోధించు చిన్న పాఠశాలలవంటి సంస్థలకు ఒక మాడ్యూలు ధర యైనను లెక్కలోనిదే. కొన్నదేమో తెలిసికొనుట, దానిని వ్రాసియుంచుట, చెడినపుడు సరియైన జతను తెచ్చుట - ఈ మూడును కర్తృనిర్ణయముపై ఆధారపడియున్నవి.

చిప్పునకును మాడ్యూలునకును గల భేదము

ర్యామ్ అనునది కంప్యూటరు పనిచేయుచున్నంతసేపు అక్షరములను, అంకెలను, బొమ్మలను నిలిపియుంచు తాత్కాలిక స్మృతి. నేటి ర్యామ్‌లో ఒక్కొక్క బిట్టును దాచుటకు ఒక ట్రాన్సిస్టరును ఒక కెపాసిటరును గల చిన్న గది యుండును. ఈ ఏర్పాటును ఐ.బి.ఎం. సంస్థకు చెందిన రాబర్ట్ డెనార్డ్ కనిపెట్టెను. ఆయనకు 1968లో పేటెంటు లభించినది. కెపాసిటరులోని విద్యుత్తు మెల్లగా కారిపోవును గనుక దానిని మరల మరల నింపుచుండవలయును. డి.డి.ఆర్.-3, డి.డి.ఆర్.-4 రకములలో సాధారణోష్ణత యందు గదులన్నియు 64 మిల్లీసెకన్ల కొకసారి నింపబడుచుండవలెను. కరెంటు పోయిన వెంటనే వ్రాత చెరిగిపోవుటకు కారణ మిదియే.

ఒక ఉదాహరణము. పాత్రపూర్ అను మాటను యూనికోడ్ పద్ధతిలో వ్రాసినచో అందు ప, ఆకారపు గుర్తు, త, విరామము, ర, ప, ఊకారపు గుర్తు, ర, విరామము అను 9 సంకేతములుండును. సాధారణముగా వాడు యు.టి.ఎఫ్.-8 పద్ధతిలో ఒక్కొక్క తెలుగు సంకేతమునకు 3 బైట్లు పట్టును. అనగా 27 బైట్లు. బైటుకు 8 బిట్ల చొప్పున 216 బిట్లు. ఆ ఊరిపేరు తెరపై నిలిచియుండుటకు 216 గదులు కావలెను. ఇట్టి గదులు వందల కోట్లుగా ఒక్కొక్క చిప్పులో నున్నవి.

చిప్పును చేయుట అత్యంత వ్యయప్రయాసములతో కూడిన పని. సిలికాన్ పలకపై సూక్ష్మరేఖలను తీర్చి, ముక్కలుగా కోసి, పరీక్షించి, తొడుగులలో పెట్టవలయును. మాడ్యూలును చేయుట దీనికంటె సులభము. సిద్ధముగా నున్న చిప్పులను కొని, ఆకుపచ్చని లేక నల్లని పలకపై అతికి, పరీక్షించి, పేరు అంటించి అమ్మవచ్చును. కింగ్‌స్టన్, కోర్సేర్, జి.స్కిల్, ఏడేటా మున్నగునవి మాడ్యూళ్లకు ప్రసిద్ధమైన పేర్లు. ఈ సంస్థలు మెమరీ గదుల సిలికానును స్వయముగా తయారుచేయవు, ఇతరులయొద్ద కొనును.

సామర్థ్యమును లెక్కించుటయు ఇచటనే తెలిసికొనదగును. కంప్యూటరు డి.డి.ఆర్.-4 మాడ్యూలునుండి ఒక్కసారిగా 64 బిట్లను చదువును. ఒక్కొక్క చిప్పు 8 బిట్ల నిచ్చునదైనచో 8 చిప్పులు కావలెను. చిప్పు సామర్థ్యము 8 గిగాబిట్లు, అనగా 1 గిగాబైటు, అయినచో అట్టివి 8 చేరి 8 గిగాబైట్ల మాడ్యూలగును. 4 గిగాబిట్ల చిప్పులైనచో అదే సామర్థ్యమునకు 16 కావలెను. కావున మాడ్యూలు సామర్థ్యమును, చిప్పుల సంఖ్యను చూచినంతనే ఒక్కొక్క చిప్పు ఎంతటిదో తెలియును. చిప్పుపైని లిపి ఈ లెక్కకు విరుద్ధముగా నున్నచో అనుమానింపవలయును.

చిప్పుల కర్తలు

ప్రపంచములోని మెమరీ చిప్పులలో అధికభాగమును మూడు సంస్థలే చేయుచున్నవి: దక్షిణ కొరియాలోని సామ్‌సంగ్, అదే దేశములోని ఎస్.కె.హైనిక్స్, అమెరికాలోని మైక్రాన్. వీనికి తోడు తైవానులోని నాన్యా మొదలగునవి, చైనాలో 2016లో స్థాపితమైన సి.ఎక్స్.ఎం.టి. సంస్థయు గలవు.

పాత కంప్యూటర్లలో నేడు లేని పేర్లు కనబడును. వానిని చూచి నకిలీ యని తొందరపడరాదు. హ్యుందాయ్ ఎలక్ట్రానిక్స్ 1999లో ఎల్.జి. సెమికాన్‌ను కలుపుకొని, 2001లో హైనిక్స్ అను పేరు ధరించి, 2012లో ఎస్.కె. వర్గములో చేరినది. జపానులో ఎన్.ఇ.సి., హిటాచి సంస్థల మెమరీ విభాగముల కలయికవలన పుట్టిన ఎల్పిడా 2012 ఫిబ్రవరిలో దివాలా తీయగా, 2013లో మైక్రాన్ దానిని కొన్నది. జర్మనీకి చెందిన కిమోండా 2009లో దివాలా తీసినది. కావున ఎల్పిడా పేరుగల చిప్పు దొరకినచో అది ఆ కాలపు సరకని గ్రహింపవలయును. దానిని క్రొత్త తేదీగల మాడ్యూలుపై చూచినపుడు మాత్రము అనుమానము న్యాయమైనది.

మైక్రాన్ సంస్థ చాలకాలము క్రూషియల్ అను పేరుతో స్వయముగా మాడ్యూళ్లను సామాన్యులకు అమ్మినది. ఆ వినియోగదారుల వ్యాపారమునుండి తప్పుకొందుమని 2025 డిసెంబరులో ప్రకటించినది. మన దేశమునకు ఈ సంస్థతో సంబంధ మున్నది: 2019లో హైదరాబాదులో అభివృద్ధి కేంద్రమును తెరచినది, గుజరాతులోని సాణంద్‌లో చిప్పులను తొడుగులలో పెట్టి పరీక్షించు కర్మాగారమును నెలకొల్పనున్నట్లు 2023 జూనులో ప్రకటించినది. ఇందుచే మరియొక సంగతి స్పష్టమగును. సిలికానును తయారుచేసిన దేశము, చిప్పును తొడిగిన దేశము, మాడ్యూలును కూర్చిన దేశము మూడును వేర్వేరు కావచ్చును. కాగితముపై నున్న దేశము పేరును చూచి చిప్పు కర్తను నిర్ణయింపరాదు.

మొదటి సాక్ష్యము: చిప్పుపైని లిపి

గంజాం జిల్లాలోని జౌగడ శిలపై అశోకుని శాసనము లున్నవి. అందలి ప్రత్యేక శాసనములు భువనేశ్వరము చెంతనున్న ధౌళి శిలపైనను ఇంచుమించుగా అట్లే యున్నవి. అయినను ధౌళివి తోసలిలోని మహామాత్రులను, జౌగడవి సమాపాలోని మహామాత్రులను ఉద్దేశించినవి. పాఠమంతయు సమానమైనను ఒక్క పేరు భేదమును తెలుపుచున్నది. చిప్పులను చదువుటలోను అక్షరమక్షరమును పోల్చు ఇట్టి ఓర్పే కావలెను. ఏలయన రెండు చిప్పులు చూపునకు ఒక్కతీరుగనే యుండును.

సామ్‌సంగ్ చిప్పులపై ఎస్-ఇ-సి అను మూడక్షరములు తరచుగా నుండును. వాని ప్రక్కన నుండు మూడంకెలలో మొదటిది సంవత్సరపు చివరి అంకె. తక్కిన రెండును వారము. 710 అని యున్నచో 2017వ సంవత్సరపు 10వ వారమని యర్థము. క్రింద కె-4 తో మొదలగు సంఖ్య యుండును. కె-4-బి యన్న డి.డి.ఆర్.-3, కె-4-ఎ యన్న డి.డి.ఆర్.-4, కె-4-ఆర్ యన్న డి.డి.ఆర్.-5. ఉదాహరణకు కె-4-ఎ-8-జి-0-8 అని ఒక వరుసలోను, 5-డబ్ల్యు-బి అని దాని క్రింది వరుసలోను ఉన్నదనుకొందము. అందు 8-జి యనగా 8 గిగాబిట్లు. 0-8 యనగా ఒక్కసారికి 8 బిట్లు. చివరి బి అక్షరము ఆ చిప్పు రూపకల్పనలో ఎన్నవ కూర్పో తెలుపును. గ్రంథమునకు ముద్రణలవలె చిప్పునకును కూర్పు లుండును. ఒకే సంస్థవైనను కూర్పు మారినచో వేగగుణములు మారవచ్చును.

హైనిక్స్ చిప్పుల సంఖ్య హెచ్-5 తో మొదలగును. హెచ్-5-టి డి.డి.ఆర్.-3నకును, హెచ్-5-ఎ డి.డి.ఆర్.-4నకును, హెచ్-5-సి డి.డి.ఆర్.-5నకును గుర్తులు. హెచ్-5-ఎ-ఎన్-8-జి-8 అని మొదలైనచో అది 8 గిగాబిట్లు గల, 8 బిట్ల వెడల్పు గల డి.డి.ఆర్.-4 చిప్పు.

మైక్రాన్ పద్ధతి వేరు. దాని పూర్తి సంఖ్య ఎం-టి తో మొదలగును: ఎం-టి-41 డి.డి.ఆర్.-3, ఎం-టి-40-ఎ డి.డి.ఆర్.-4, ఎం-టి-60-బి డి.డి.ఆర్.-5. కాని చిన్న తొడుగుపై అంత పొడవైన సంఖ్యకు చోటు లేదు. అందుచే ఐదక్షరముల సంకేతమును మాత్రమే ముద్రింతురు. అది సాధారణముగా డి అను అక్షరముతో మొదలగును. ఆ సంకేతమునకు పూర్తి సంఖ్య యేదో తెలుపు సాధనమును ఆ సంస్థయే తన వెబ్‌సైటులో నుంచినది. సంకేతము నచట ఇచ్చినచో పూర్తి పేరు బయటపడును.

లిపిని చదువుటకు ముందు కొన్ని జాగ్రత్తలు అవసరము. కంప్యూటరు ప్లగ్గును తీసివేయవలయును. ముందుగా పెట్టె లోహభాగమును తాకి, శరీరమునందలి విద్యుత్తును వదలించుకొనవలయును. మాడ్యూలును అంచులయందే పట్టుకొనవలయును. బంగారు రంగు పట్టీలను తాకరాదు. వెలుతురును ఏటవాలుగా పడనిచ్చి, భూతద్దముతో గాని ఫోనుతో ఫోటో తీసి పెద్దదిచేసి గాని చదువవలయును. వేడిని చెదరగొట్టుటకు లోహపు తొడుగు వేసిన మాడ్యూళ్లలో చిప్పులు కనబడవు. ఆ తొడుగును జిగురుతో అతికియుందురు. బలముగా లాగినచో చిప్పే ఊడివచ్చు ప్రమాదము కలదు, వారంటీయు పోవచ్చును. అట్టి మాడ్యూళ్లకు రెండవ సాక్ష్యమే శరణ్యము.

రెండవ సాక్ష్యము: మాడ్యూలులోని చిన్న చిట్టా

ప్రతి మాడ్యూలుపైనను మెమరీ చిప్పులు గాక మరియొక చిన్న చిప్పుండును. మాడ్యూలు వేగము, సామర్థ్యము, కాలమానములు మున్నగునవి అందు వ్రాయబడియుండును. కంప్యూటరు మేల్కొనినపుడు మొట్టమొదట దీనిని చదివి, తన స్మృతి యెంతటిదో తెలిసికొనును. ఈ చిట్టాను సీరియల్ ప్రెజెన్స్ డిటెక్ట్ అనియు, సంక్షేపముగా ఎస్.పి.డి. అనియు పిలుతురు. దాని అమరికను జెడెక్ అను ప్రమాణసంస్థ నిర్ణయించినది. ఏ వివరము ఏ బైటులో నుండవలెనో ముందే స్థిరపడియున్నది గనుక ఎవరు చేసిన మాడ్యూలునైనను ఒకే తీరుగా చదువవచ్చును.

ఈ చిట్టాలో రెండు పేర్లకు రెండు వేర్వేరు చోట్లున్నవి. ఈ వ్యాసమునకు ప్రాణమైన సంగతి యిదియే. సున్నతో మొదలిడి లెక్కించినచో, డి.డి.ఆర్.-4 మాడ్యూలులో 320, 321 బైట్లలో మాడ్యూలు కూర్చినవారి సంకేతమును, 350, 351 బైట్లలో చిప్పు చేసినవారి సంకేతమును ఉండును. డి.డి.ఆర్.-3లో ఈ స్థానములు క్రమముగా 117, 118 మరియు 148, 149. డి.డి.ఆర్.-5లో 512, 513 మరియు 552, 553. ప్రమాణమును వ్రాసినవారే కూర్చిన సంస్థ వేరనియు, చిప్పు చేసిన సంస్థ వేరనియు అంగీకరించి యిద్దరికిని చోటిచ్చిరి.

ఆ సంకేతములు పదునారింటి పద్ధతిలో వ్రాయబడును. అందు పది మొదలు పదునైదు వరకు గల విలువలకు ఏ, బి, సి, డి, ఈ, ఎఫ్ అను అక్షరములు వాడుదురు. సామ్‌సంగ్ సంకేతము 80 - సి ఈ. హైనిక్స్‌ది 80 - ఏ డి. మైక్రాన్‌ది 80 - 2 సి. నాన్యాది 83 - 0 బి. ఎల్పిడాది 02 - ఎఫ్ ఈ. మాడ్యూలు కూర్చు కింగ్‌స్టన్ సంకేతము 01 - 98. కావున ఒక డి.డి.ఆర్.-4 మాడ్యూలులో 320, 321 స్థానములందు 01, 98 అనియు, 350, 351 స్థానములందు 80, ఏ డి అనియు ఉన్నచో, కింగ్‌స్టన్ కూర్చిన మాడ్యూలులో హైనిక్స్ చిప్పు లున్నవని చిట్టా సాక్ష్యమిచ్చుచున్నది.

ఈ సంకేతములలో తప్పును పట్టుకొను ఉపాయము కూడ ఇమిడియున్నది. ప్రతి బైటులోను ఏడు బిట్లు అసలు సంఖ్య. ఎనిమిదవది కాపలా బిట్టు. బైటులోని ఒకట్ల మొత్తము ఎల్లప్పుడు బేసిగా నుండునట్లు దానిని నింపుదురు. సామ్‌సంగ్ అసలు సంఖ్య 4 ఈ. రెండింటి పద్ధతిలో 1001110. ఇందు ఒకట్లు నాలుగు, అనగా సరి. కావున ముందొక ఒకటి చేర్చగా 11001110 అయి, సి ఈ ఏర్పడినది. మైక్రాన్ సంఖ్య 0101100. ఇందు ఒకట్లు మూడు, బేసియే. కావున ముందు సున్న చేరి 2 సి గానే నిలిచినది. ఒకట్లు సరిసంఖ్యలో నున్న సంకేతము కనబడినచో చదువుటలో గాని వ్రాయుటలో గాని పొరపాటు కలదన్నమాట.

ఈ చిట్టాను స్వయముగా లెక్కించి చదువవలసిన పని సాధారణముగా లేదు. విండోస్ గల కంప్యూటరులో సి.పి.యు.-జడ్, హెచ్.డబ్ల్యు.ఇన్ఫో అను ఉచిత ప్రోగ్రాములును, లినక్స్‌లో డీకోడ్-డిమ్స్ అనునదియు పేరును సిద్ధముగా చూపును. కాని మాడ్యూలు తయారీదారు అను వరుసను, డి-ర్యామ్ తయారీదారు అను వరుసను వేరుగా చూడవలయును. మొదటి వరుసను చూచి ఆగిపోవుటయే ఎక్కువమంది చేయు పని.

మూడవ సాక్ష్యము: కాగితముపైని గుర్తులు

కొన్ని సంస్థలు తమ చీటీపైననే చిప్పు కర్తను గూఢముగా సూచించును. కోర్సేర్ మాడ్యూళ్లపై వెర్షన్ అని యొక సంఖ్య యుండును. దాని మొదటి అంకె 3 అయినచో మైక్రాన్, 4 అయినచో సామ్‌సంగ్, 5 అయినచో హైనిక్స్, 8 అయినచో నాన్యా అని వాడినవారి అనుభవమువలన తేలియున్నది. తొడుగు తీయకుండ, కంప్యూటరులో పెట్టకుండ దుకాణములోనే చూడదగిన గుర్తు గావున ఇది ఉపయోగకరము. కాని ఒక సంస్థ గుర్తు మరియొక సంస్థకు వర్తింపదు.

సాక్ష్యముల బలాబలములు

మూడు సాక్ష్యములలో దేనినైనను ఒంటరిగా నమ్మరాదు. చిప్పుపైని లిపిలో రెండు చిక్కులు గలవు. మాడ్యూలు సంస్థలు కొన్ని పర్యాయములు సిలికానును పలకలుగా కొని, తొడుగువేయించి, తమ పేరునే ముద్రించుకొనును. అపుడు లిపి నిజమైనదే. అయినను మూలకర్తను చెప్పదు. ఇక మోసగాండ్రు పాత చిప్పు పైభాగమును అరగదీసి, వేరొక పేరు ముద్రించుటయు కలదు. అట్టి చిప్పుల ఉపరితలము ఒకదానివలె నొకటి యుండదు. తేదీలు పొందికగా నుండవు. అక్షరములు త్వరగా చెరుగును. ఒకే మాడ్యూలుపై వేర్వేరు సంస్థల చిప్పులు కలిసియున్నచో దానిని కొనకుండుట మేలు.

చిట్టాకును దోషములు గలవు. అది తిరిగి వ్రాయుటకు వీలగు చిప్పు. రక్షణ లేనిచోట ప్రోగ్రాముద్వారా మార్చవచ్చును. కొందరు కూర్చువారు చిప్పు కర్త స్థానమును శూన్యముగా వదలుదురు. శూన్యము మోసమునకు గుర్తు కాదు. సాక్షి మౌనము వహించెనని మాత్రమే అర్థము. చిట్టాలో ఒక పేరును చిప్పుపై మరియొక పేరును ఉన్నపుడే గట్టి అనుమానమునకు తావు కలదు.

లిపి, చిట్టా, చీటీ, చిప్పుల లెక్క - ఈ నాలుగును ఏకీభవించినచో నిర్ణయము స్థిరము. రెండు ఏకీభవించి తక్కినవి మౌనముగా నున్నచో సంభావ్యము. పరస్పరము విరోధించినచో సరకును తిప్పి యిచ్చుట ఉచితము.

నిర్ణయమువలన ప్రయోజనము

పాఠశాల కంప్యూటరులో 4 గిగాబైట్ల మాడ్యూలొకటి యున్నదనియు, మరియొకటి చేర్చవలెననియు అనుకొందము. మొదట రకము కలియవలెను. డి.డి.ఆర్.-3నకు 1.5 వోల్టులు, దాని తక్కువ వోల్టేజి రకమునకు 1.35, డి.డి.ఆర్.-4నకు 1.2, డి.డి.ఆర్.-5నకు 1.1 వోల్టులు కావలెను. గాట్ల స్థానములు వేరు గావున ఒకదానిచోట మరియొకటి కూర్చుండదు. బలముగా నొక్కుట తప్పు. రకము కలిసిన పిమ్మట వేగము, కాలమానములు చూడవలెను. వేగములు వేరైనచో సాధారణముగా రెండును తక్కువదాని వేగముననే నడచును. చిప్పు కర్తయు కూర్పును ఒకటియే యైనచో రెండును పొసగు అవకాశ మధికము.

అయితే కర్త వేరైనంతమాత్రమున జత పొసగదని చెప్పరాదు. ప్రమాణములు ఏర్పడినది అందుకే. కర్త ఒకరైనంతమాత్రమున చెడదనియు చెప్పరాదు. ఒకే సంఖ్యగల మాడ్యూలును ఏడాది తరువాత మరల కొన్నచో లోపలి చిప్పులు మారియుండవచ్చును. కావున జతగా వాడదలచినవారు ఒకే పొట్లములోని జతను కొనుట మేలు. ఎట్లు కొన్నను, మెమ్‌టెస్ట్-86 ప్లస్ అను ఉచిత ప్రోగ్రామును పెన్ డ్రైవునుండి నడిపి ఒక రాత్రి పరీక్షింపవలయును. అందులో ఒక్క తప్పు కనబడినను వారంటీ గడువులోనే తిప్పి పంపవలయును. పేరు ఎంత గొప్పదైనను ఈ పరీక్షకు ప్రత్యామ్నాయము కాదు.

స్టాకు రిజిస్టరులో ర్యామ్ ఒకటి అని వ్రాయుట చాలదు. కొన్న తేదీ, మాడ్యూలు సంస్థ, దాని నమూనా సంఖ్య, సీరియల్ సంఖ్య, చిప్పుపైని లిపి, చిట్టాలోని చిప్పు కర్త పేరు, పెట్టిన కంప్యూటరు - ఈ ఏడింటిని వ్రాసి, మాడ్యూలు రెండు ప్రక్కల ఫోటోలను భద్రపరచవలయును. మరమ్మతుకు పోయి వచ్చిన కంప్యూటరులో మునుపటి మాడ్యూలే యున్నదా, మారినదా యను ప్రశ్నకు ఈ వ్రాత యొక్కటే సమాధానము చెప్పగలదు. సీరియల్ సంఖ్య డి.డి.ఆర్.-4 చిట్టాలో 325 మొదలు 328 వరకు గల బైట్లలో నుండును గనుక, పైచీటీ ఊడిపోయినను పోల్చిచూచుటకు వీలగును.

ఈ పనిని ఉన్నత పాఠశాల విద్యార్థులచేతనే చేయింపవచ్చును. గణితములో చదివిన సరి, బేసి సంఖ్యలును, రెండింటి పద్ధతియు ఇచట కంటికి కనబడు వస్తువులో పనిచేయుచున్నవి. తెలుగులో ఈ పరిభాషను చెప్పుటకు కొరత లేదు. చిప్పు, మాడ్యూలు, బైటు మున్నగు మాటలను ఉన్నవి ఉన్నట్లు గ్రహించి, తక్కిన వివరణమంతయు ఇంటిభాషలోనే చెప్పవచ్చును. ఒడియా, తెలుగు రెండును వినబడు పాత్రపూర్ వంటి చోట, తన కంప్యూటరులోని చిప్పు నెవరు చేసిరో తెలుగులో చదివి, తెలుగులో లెక్కించి, తెలుగులో రిజిస్టరునందు వ్రాయగల బాలునికి ఆ భాష శాస్త్రమునకును పనికివచ్చునని వేరుగా బోధింప నక్కరలేదు.